పందిరి వెనక మేడ

మా పెద్దత్త పెళ్ళి ఫొటోలో పద్నాలుగు మంది ఉన్నారు. పదమూడు మంది కెమెరా వైపు చూస్తున్నారు. ముందు వరసలో నేల మీద కూర్చున్న ఒక్క పిల్లాడు మాత్రం మెడ వెనక్కి తిప్పి పైకి చూస్తున్నాడు. ఆ పిల్లాడు మా నాన్న. 1958 వేసవి. అతను చూస్తున్నది మా తాత కట్టించిన మేడ పిట్టగోడ వైపు.

ఆ పిట్టగోడ మీద సున్నంతో చేసిన ఉదయించే సూర్యుడు, అటూ ఇటూ రెండు చిలకలు, కింద 1954 అని అంకెలు. అందులో 4 తిరగబడి ఉంటుంది. తాపీ మేస్త్రీకి అంకెలు సరిగా రావు. కాగితం మీద రాసిచ్చినది చూసి పెట్టాడట, కాగితాన్ని ఎటు నుంచి చూశాడో తెలీదు. "నాన్న చూసి నవ్వేశారు, ఉండనీ అన్నారు" అంటుంది పెద్దత్త. ఈ 4 సంగతి చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను గానీ, ఆ మేడ నిలబడి ఉన్నన్నాళ్ళూ ఒక్కసారైనా తలెత్తి చూసిన గుర్తు లేదు. ఇప్పుడు చూద్దామంటే మేడ లేదు. విజయనగరం గంటస్తంభానికి నడిచివెళ్ళేంత దూరంలో, అదే స్థలంలో అయిదంతస్తుల అపార్ట్‌మెంట్ ఉంది.

మూడేళ్ళుగా విజయనగరంలో బంధువుల ఇళ్ళకీ, తెలిసినవాళ్ళ ఇళ్ళకీ వెళ్ళి పాత ఫొటోలు అడుగుతున్నాను. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి 1970 దాకా తీసినవి, వెనక ఏదో ఒక కట్టడం కనిపించేవి. ఇప్పటికి రెండు వందల పైచిలుకు స్కాన్ చేసుకున్నాను. ఇంత సేకరించాక తెలిసిన మొదటి విషయం ఏమిటంటే, ఆ రోజుల్లో ఇంటిని ఎవరూ ఫొటో తీయలేదు. మనుషుల్ని తీశారు, ఇల్లు వెనక పడింది. ఫొటో అంటే డబ్బు. డబ్బు పెట్టి గోడని తీయించుకునేవాడు ఎవడు? తీయించుకున్నది కూడా ఎక్కువగా పెళ్ళికే. పెళ్ళంటే తాటాకు పందిరి. పందిరి వేస్తే కింది అంతస్తు మొత్తం దాని వెనక్కి పోతుంది. అందుకని నా దగ్గరున్న ఇళ్ళలో చాలావాటికి పైభాగమే ఉంది. పిట్టగోడలూ, పై కిటికీలూ, అరటి గెలల మధ్య నుంచి తొంగిచూసే వెంటిలేటర్లూ. ఏ ఇంటి గుమ్మం ఎలా ఉండేదో పూర్తిగా చెప్పగలిగినవి పదిహేను కూడా లేవు.

ఇంత తిప్పలు ఎందుకని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

మన ఊరి పాత కట్టడాలు అనగానే అందరికీ గుర్తొచ్చేవి కొన్నే. 1713లో కట్టిన కోట, 1885 నాటి గంటస్తంభం, మహారాజా కాలేజీ, సంగీత కళాశాల, గురజాడ ఇల్లు. 2020 మే నెలలో మూడు లాంతర్ల స్తంభాన్ని పడగొట్టినప్పుడు ఊరంతా మాట్లాడింది, పేపర్లు రాశాయి, రాజకీయ నాయకులు తిట్టుకున్నారు. మాట్లాడాలి కూడా. కానీ అదే ఏడాది, దానికి ముందు ఏడాది, తర్వాతి ఏడాది, 1950ల్లో కట్టిన మేడలు వీధివీధినా కూలాయి. ఎవరూ ఏమీ అనలేదు. అవి పాతవి అని ఎవరికీ అనిపించదు. కొత్తవి ఎలాగూ కావు. ఇంట్లో పెళ్ళికాని పెద్దకొడుకులాగ, ఏ లెక్కలోకీ రావు.

నేను అనేదేమిటంటే, ఈ ఊళ్ళో మామూలు మనిషి తన పేరూ, తన ఇల్లు కట్టిన ఏడాదీ గోడ మీద పెట్టుకోవడం పెద్ద ఎత్తున జరిగింది స్వాతంత్ర్యం తర్వాతి ఇరవై ఏళ్ళలోనే. కోట గజపతి రాజులది. గంటస్తంభమూ కాలేజీలూ రాజుగారి చలవ. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. సంస్థానం పోయాక ఊరు ఎవరిది అన్న ప్రశ్నకి గుమాస్తాలూ, ప్లీడర్లూ, గోనెల వ్యాపారులూ, బడిపంతుళ్ళూ, రైల్వే ఉద్యోగులూ ఇటుకలతో జవాబు చెప్పారు. మా తాత 1942లో రంగం నుంచి నడిచొచ్చినవాడు. (ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అంటారు. మావైపు ముసలాళ్ళు 'రంగం ఎళ్ళాడు' అంటే నాటకాల్లో చేరాడని కాదు.) జపాన్ వాళ్ళు బర్మా మీద పడ్డప్పుడు లక్షల మంది అడవుల్లోంచి కాలినడకన వచ్చారు. ఒంటి మీద బట్టతో వచ్చిన మనిషి పన్నెండేళ్ళకి రెండంతస్తుల మేడ కట్టి, దాని నెత్తిన సూర్యుణ్ణి పెట్టాడు. దాన్ని వారసత్వం అనకపోతే మరి దేన్నంటారో నాకు తెలీదు.

చట్టం అయితే అనదు. కేంద్రం 1958లో చేసిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండితేనే అది పురాతన కట్టడం. మా పెద్దత్త పెళ్ళి జరిగిన ఏడాదే వచ్చిన చట్టం అది. ఆ లెక్కన మా మేడకి 2054లో అర్హత వచ్చేది. అప్పటిదాకా దాన్ని ఎవరు నిలబెడతారు? ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాలని 2017 ఏప్రిల్‌లో రాత్రికి రాత్రి నేలమట్టం చేశారు. అక్కడ లెక్క అరవై ఏళ్ళు, అవి నిండలేదు కాబట్టి వారసత్వం కిందకి రాదని. ప్రపంచమంతా వాస్తువిద్యార్థులు చదువుకున్న కట్టడానికే దిక్కులేకపోతే, తిరగబడ్డ 4 ఉన్న మేడకి ఎవరు దిక్కు? ముంబయిలో మాత్రం మెరైన్ డ్రైవ్ చుట్టుపక్కలున్న ఇళ్ళూ సినిమా హాళ్ళూ 2018లో యునెస్కో జాబితాకెక్కాయి. అక్కడ ఆ ఇళ్ళ విలువ తెలిసినవాళ్ళు, డబ్బున్నవాళ్ళు, వాటిలోనే కాపురం ఉండేవాళ్ళు ఒకరే. మన దగ్గర ఆ ముగ్గురూ వేరువేరు.

ఫొటోల దగ్గరికొస్తాను. నాకు అసలు సరదా అక్కడే.

పాత ఫొటో మీద తారీఖు ఉండదు. వెనక స్టూడియో ముద్ర ఉంటే అదృష్టం. అందుకని ఫొటోలో ఉన్న చెత్తంతా చదవాలి. కిరాణా కొట్టు ముందు తీసిన ఫొటోలో ధరల పలక కనిపించిందనుకోండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, లేదా మారడానికి ఇష్టపడని కొట్టువాడిది. 'న.పై.' అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది, ఎందుకంటే నయాపైసల్లో నయా అన్న మాట 1964 జూన్‌లో ఎత్తేశారు. వీశెలూ శేర్లూ ఉంటే కిలోలు ఇంకా రాలేదన్నమాట. బోర్డు మీద 'విజయనగరం, విశాఖపట్నం జిల్లా' అని ఉంటే 1979 జూన్‌కి ముందుది, మన జిల్లా పుట్టింది అప్పుడే. ఒక ఫొటోలో హోమియో డాక్టరు గారి బోర్డు మీద ఫోన్ నంబరు రెండంకెలే ఉంది. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ నంబర్లకే మూడంకెలు.

స్కానింగ్ విషయంలో నాకు ఆశ్చర్యం కలిగించింది నాణ్యత. ఇప్పటి ఫోన్ల కంటే ఆ డబ్బా కెమెరాలు నయమా అనిపించేంత వివరం ఉంటుంది కొన్నిట్లో. కారణం ఫిల్మ్ సైజు. రోలుకి పన్నెండు చదరపు ఫొటోలు వచ్చే 120 ఫిల్మ్ మీద ఒక్కో ఫ్రేము, తర్వాత మనం వాడిన మామూలు రీలు ఫ్రేముకి మూడున్నర రెట్లు పెద్దది. నల్లగుడ్డ కప్పుకుని తీసే స్టాండు కెమెరాదైతే ఇంకా పెద్దది. అందుకే పెద్దత్త పెళ్ళి ఫొటోని పెద్దది చేస్తే కిటికీ పైన సిమెంటు జాలీలో ఉన్న చరఖా కనిపించింది. అది చరఖా అని మా ఇంట్లో ఎవరికీ తెలీదు, అందరూ పువ్వు అనుకునేవారు. నేనూ పువ్వే అనుకున్నాను.

కొన్ని ఫొటోలు మాత్రం పాడైపోయాయి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వచ్చినప్పుడు తడిసి, అద్దానికి అతుక్కుపోయినవి కొన్ని. కానీ తుఫాను కంటే ఎక్కువ నష్టం చేసినవి 1980ల్లో వచ్చిన ప్లాస్టిక్ పొర ఆల్బమ్‌లు. ఆ జిగురు పసుపుపచ్చగా మారి ఫొటో వీపుని పట్టేసింది. లాగితే చిరుగుతుంది. మంచిగా దాచుకుందామని కొన్నవే అవి.

ఫొటో ప్రింటు పట్టుకుని వీధుల్లో తిరగడం ఇంకో పని. కోట దగ్గర నుంచి గంటస్తంభం మీదుగా, కన్యకాపరమేశ్వరి గుడి చుట్టుపక్కల సందుల్లో, అయ్యకోనేరు గట్టు వెంబడి, కొత్త అగ్రహారంలో. ఫొటోలో గంటస్తంభం ఏ పక్కన కనిపిస్తోందో చూసి మనం ఎక్కడ నిలబడాలో లెక్కేసుకోవచ్చు, అది ఎనిమిది పలకలుగా ఉంటుంది కాబట్టి ఏ పలక మన వైపు ఉందో కొంచెం ఓపిక పడితే తెలుస్తుంది. ఆ చోటు సరిగ్గా దొరికిందని ఒకసారి నిలబడితే నా వెనక ఇరవై ఆటోలు హారన్ కొట్టాయి.

ఒక సందులో పాత గోడ మిగిలి ఉంటే ఫొటో తీస్తున్నాను. పక్కింటి అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ముసలమ్మ చాలాసేపు చూసి, "ఏటి బాబూ, గోడకి ఫొటో తీస్తన్నావు? దానికేటైనా పెళ్ళా?" అంది. నా దగ్గరున్న ప్రింటు చూపించాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఇంటిని వదిలేసి, మూలన నిలబడ్డ ఒక పిల్లని చూపించి, "ఇది మా యప్ప. ఆ సంవచ్చరమే పోనాది" అంది. (అప్ప అంటే అక్క.) తర్వాత ఇంటి గురించి అడిగితే, "ఆ మేడ డాబా దిమ్మిస కొట్టింది మా అమ్మే" అంది. నాకు ఆ ఇంటి యజమాని పేరు తెలుసు, కట్టిన ఏడాది తెలుసు. ఆ ఇంటిని కట్టినవాళ్ళెవరన్న ప్రశ్న మాత్రం అంతవరకూ నాకు తట్టలేదు.

దిమ్మిస కొట్టడం ఏమిటో ఇప్పటివాళ్ళకి చెప్పాలి. అప్పటి మేడల్లో చాలావాటికి కాంక్రీటు స్లాబు లేదు. టేకు దూలాల మీద సన్నటి ఇటుకల్ని నిలబెట్టి పేర్చి, పైన ఇటుక ముక్కలూ గానుగ సున్నమూ కలిపి పరిచేవారు. మద్రాసు టెర్రస్ అనేవారు దాన్ని. ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడుతూ ఉండాలి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు చల్లుతూ, సున్నం గట్టిపడి దిమ్మిస ఎగిరిపడే దాకా. పాట లేకపోతే ఆ పని సాగదు. సిమెంటు మీద సర్కారు కంట్రోలు ఉన్నన్నాళ్ళు, అంటే కొంతమేర సడలించిన 1982 దాకా, మొత్తంగా ఎత్తేసిన 1989 దాకా, బస్తా సిమెంటు కోసం పర్మిట్లకి తిరగాల్సిన రోజుల్లో సున్నమే దిక్కు. తమాషా ఏమిటంటే, అదే కాలంలో కాస్త పలుకుబడి ఉండి సిమెంటు సంపాదించి స్లాబు వేయించుకున్న ఇళ్ళే ముందు పాడయ్యాయి. లోపలి ఇనుము తుప్పు పట్టిందంటే లావెక్కుతుంది, లావెక్కితే కింది పెచ్చుని తోసేస్తుంది. సున్నం డాబా కారుతుంది గానీ అంత తొందరగా నెత్తిన పడదు. మా తాతది సున్నం డాబా. కారింది. ముప్ఫై వానాకాలాలు మా బామ్మ గిన్నెలు పెట్టింది.

ఇక్కడ నా వంతు ఒప్పుకోవాలి. ఆ మేడ పడగొట్టడానికి ఇచ్చిన కాగితాల మీద నా సంతకం ఉంది.

తాత పోయాక ఇల్లు అయిదుగురి పేర్ల మీదకి వచ్చింది, తర్వాత పదకొండు మందికి. ఒక మేడని పదకొండు ముక్కలు చేయలేరు, స్థలాన్ని చేయొచ్చు. కింద భాగంలో అద్దెకున్నవాళ్ళు పాత అద్దెకే ఉన్నారు. ఇల్లు ఖాళీ చేయించడం కంటే బిల్డరుకి ఇవ్వడం తేలిక. 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చాక, సిమెంటు చేతికందాక, 'డెవలప్‌మెంట్‌కి ఇచ్చేశాం' అన్న మాట మన పట్టణాల్లో మొదలైంది. స్థలం మనది, కట్టేది అతను, చెరిసగం. మాకు కలిసొచ్చింది. మా చెల్లి పెళ్ళి ఆ డబ్బుతోనే. మా పెద్దత్త మోకాళ్ళకి ఆపరేషనూ ఆ డబ్బుతోనే. కాబట్టి 'పాత మేడల్ని కూల్చేస్తున్న దుర్మార్గులెవరు' అని ఎవరైనా ఆవేశపడితే నేను అటు తిరిగి నిలబడతాను.

అయితే అభివృద్ధి అన్న మాట కూడా నాకు మింగుడుపడదు. మేం చేసింది వాటాల పంపకం. దానికి అభివృద్ధి అని పేరు పెట్టుకుంటే మనసుకి తేలిగ్గా ఉంటుంది, అంతే. దీనికి ఎదురుగా ఉన్న గుంపు 'ఆ రోజులే వేరు' బాపతు. పాత వీధి ఫొటో కనిపిస్తే చాలు, దండం బొమ్మలు పెట్టేస్తారు. ఎంత చల్లగా ఉండేవి ఆ ఇళ్ళు, ఎంత విశాలం, ఎంత ప్రేమలు. ఈ రెండు గుంపులకీ ఒకటే పోలిక. ఇద్దరూ ఫొటోని సరిగ్గా చూడరు. ఒకరికి అక్కర్లేదు, ఇంకొకరికి కళ్ళనిండా నీళ్ళు.

చూస్తే ఫొటోలో లేనిది తెలుస్తుంది. నా రెండు వందల ఫొటోల్లో ఒక్క వంటిల్లు లేదు. పొగ పట్టిన గోడ లేదు, దాని ముందు నిలబడ్డ ఆడది లేదు. పెళ్ళి ఫొటోలో బామ్మ లేదు. పద్నాలుగు మంది లెక్కలో ఆవిడ రాలేదు. ఎందుకంటే ఆ సమయానికి వంట దగ్గర ఉంది, పిలవడానికి ఎవరికీ తోచలేదు. పెరడు లేదు. పెరటి గోడకి చిన్న తలుపు ఉండేది. దాని అవతల సన్నటి సందు. పాకీ పనివాళ్ళు మరుగుదొడ్లు ఎత్తడానికి వచ్చే దారి అది. ఇంట్లోకి వీధి గుమ్మం నుంచి రాకూడని మనుషుల కోసం ఇంటితోపాటే ప్లాను గీసి కట్టిన దారి. ఆ పనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది 1993లో. సూర్యుడూ చిలకలూ వీధి వైపు, ఈ సందు వెనక వైపు. ఒకే తాత, ఒకే ఏడాది, ఒకే మేస్త్రీ. చల్లగా ఉండేవి ఆ ఇళ్ళు అన్నవాళ్ళతో నాకు పేచీ లేదు, చల్లగానే ఉండేవి. ఆ సందు గురించి కూడా ఒక మాట అనమంటాను.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇప్పటికీ మన ఊళ్ళో ఆ కాలపు ఇళ్ళు కొన్ని నిలబడి ఉన్నాయి. అన్నిటినీ కాపాడాలని నేను అనను. ఎవరి డబ్బుతో కాపాడాలి? పదకొండు మంది వారసులకి ఎవరు నచ్చజెబుతారు? కానీ పడగొట్టే ముందు ఒక పూట ఫొటోలు తీయడానికి అయ్యే ఖర్చు సున్నా. ఫోను జేబులోనే ఉంది. బిల్డరుతో ఒప్పందం అయిన రోజున అందరూ గుమ్మం ముందు నిలబడి ఒక సెల్ఫీ దిగుతారు. మళ్ళీ అదే, మనుషులు ముందు, ఇల్లు వెనక. నా మాట విని మనుషుల్ని పక్కకి జరపండి. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి గట్టుని తీయండి. మెట్లని కింది నుంచి తీయండి, పై నుంచి తీయండి. గచ్చు మీద ఎర్రరంగు ఎక్కడ అరిగిపోయిందో తీయండి, ఆ అరుగుదలే ఇంట్లో మనుషులు ఎటు నుంచి ఎటు తిరిగారో చెబుతుంది. దూలం చివర చెక్కిన పువ్వునీ, స్విచ్‌బోర్డునీ, మరుగుదొడ్డినీ, వెనక సందునీ తీయండి. టేపు పెట్టి గదుల కొలతలు రాసుకోండి. ఆ ఇంట్లో పనిచేసినవాళ్ళు ఎవరైనా బతికుంటే వాళ్ళని పిలిచి, ఎక్కడ ఏముండేదో చెప్పమనండి. యజమానులకి తెలియనివి వాళ్ళకి తెలుసు. మేం ఇవేవీ చేయలేదు. మా దగ్గర ఆ పెళ్ళి ఫొటో ఉంది, పందిరి మీదుగా కనిపించే పైకప్పు ఉంది, అంతే.

పోయిన వానాకాలం పెద్దత్తని చూడటానికి వెళ్ళాను. మాకొచ్చిన వాటాలోనే, మొదటి అంతస్తులో ఉంటుంది. మాటల్లో నుయ్యి సంగతి వచ్చింది. పెరట్లో నుయ్యి ఉండేదని నాకు తెలుసు, ఎక్కడో తెలీదు. ఏ ఫొటోలోనూ లేదు, బిల్డరు పూడ్పించేశాడు. "నాకు తెలీకపోవడమేమిటి, వంటింటి గడప నుంచి పదకొండు అంగలు. బిందెతో అయితే పదమూడు" అంది. వంటింటి గడప ఎక్కడుండేది మరి? వీధి వైపు గోడ నుంచి ఎన్ని గదులో, ఒక్కోటి ఎన్ని మూరలో, వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. నేను కాగితం మీద గీసుకుని, లిఫ్టులో సెల్లార్‌కి దిగి, టేపు పట్టి కొలిచాను. మా ఫ్లాట్ పార్కింగ్‌కి రెండు కార్లు అవతల, ఒక స్తంభం పక్కన తేలింది.

అక్కడ నేల తడిగా ఉంది. ఒక ప్లాస్టిక్ బకెట్టూ, గోనెపట్టా, ఈ కారు ఇక్కడ పెట్టకండి అని సుద్దతో రాసిన అట్టముక్కా ఉన్నాయి. వాచ్‌మన్ వచ్చి నా చేతిలో టేపు చూశాడు. అసోసియేషన్ వాళ్ళు పంపిన మనిషిననుకున్నాడు.

"ఎన్నిసార్లు సిమెంటు ఏసినా ఇంతే బాబూ, ఇక్కడేటో ఊట ఉంది. చిన్న మోటారొకటి ఎయ్యమని చెప్పండి" అన్నాడు.